ఊ కొట్టని తరగతి

పోయిన ఆదివారం మా మనవణ్ణి వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో ఒక హోటల్ మేడమీది హాలుకు వెళ్లాను. పిల్లలకు కథలు చెబుతూ ఆ కథల్లో నుంచే సైన్సు, లెక్కలు చేతులతో చేయించి నేర్పే కార్యక్రమం అని మా కోడలు ఫోనులో చూసి, ఫీజు కట్టి, తనకు వీలుపడక నన్ను తోడు పంపింది. చెవి పక్క నుంచి నోటి దాకా సన్నటి మైకు తగిలించుకున్న ఒక కుర్రవాడు వేదిక మీద గెంతుతూ, నది దాటలేకపోయిన ఒక రోబో కథ చెప్పాడు. దాన్ని కథ అనడం నా మర్యాద. పాట వేశారు, రంగు దీపాలు తిప్పారు, ఒక్కొక్క పిల్లవాడి చేతిలో ఒక్కొక్క డబ్బా పెట్టారు. వంతెన కట్టడానికి కావలసిన పుల్లలన్నీ అందులో ముందే కొలిచి, కోసి, చిల్లులు వేసి ఉన్నాయి. పడగొడదామన్నా పడని వంతెన అది. అయినా ఒక చిన్నపిల్ల వంతెన ఎలాగో కూలింది. ఆ పిల్ల వంగి, ఎందుకు కూలిందా అని చూడబోయేలోగా ఏప్రన్ కట్టుకున్న సహాయకురాలు ఒకామె పరుగున వచ్చి, కూలినదాన్ని సంచిలో వేసుకుని, తయారుగా ఉన్న ఇంకొక వంతెనను అక్కడ నిలబెట్టి, చప్పట్లు కొట్టమంది. పిల్ల కొట్టింది. డబ్బాతోపాటు ఇచ్చిన పుస్తకంలో ‘నేను గమనించినవి’ అనే శీర్షిక కింద, గమనించవలసినవన్నీ ముందే అచ్చువేసి ఉన్నాయి. పిల్లలు చేయవలసిందల్లా వాటి పక్కన నవ్వుముఖం బొమ్మ ఒకటి అతికించడం.

నేను ప్రభుత్వ నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చూడనిది రాయకపోవడం, చూసింది రాయకుండా వదలకపోవడం అనే రెండు అలవాట్లతో చాలామంది అధికారులకు చాలాకాలం చిరాకు తెప్పించినవాణ్ణి. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు కూడా ఉంది కనక ఇంటికి రాగానే ఆ కార్యక్రమం గురించి ఒక్క వాక్యం రాసి మూసేశాను. ఆ వాక్యం ఇక్కడ రాయదగింది కాదు. నిజానికి నాకు ఒళ్లు మండింది ఆ డబ్బాలను చూసి కాదు. చివర్లో ఆ కుర్రవాడు చేతులు చాచి, ఇటువంటి చదువు ఈ దేశంలో ఇదే మొదటిసారి అని ప్రకటించాడు. ఆ మాట ఇంకే ఊళ్లో అన్నా విని ఊరుకునేవాణ్ణి. ఆబిడ్స్‌లో నిలబడి అన్నాడు. ఆ హాలు మెట్లు దిగి నాంపల్లి స్టేషను వైపు ఒక బీడీ కాల్చినంత సేపు నడిస్తే ఒక సందు వస్తుంది. అక్కడ మా మేనత్త ఏ డబ్బా లేకుండా, ఏ మైకు లేకుండా, పోలీసు చర్య జరిగిన నాలుగైదేళ్లకే ఆ పని చేసింది. చేసినందుకు ఫలితం కూడా అనుభవించింది. ఆ రోజుల్లో ఆ పేటల్లో చదువుకున్న నా ఈడువాళ్లు ఈ మాట నమ్ముతారు. తక్కినవాళ్లు నమ్మకపోయినా నాకు పెద్ద ఇబ్బంది లేదు.

ముందు మా పెద్దనాయన గురించి చెప్పాలి. మంచివాళ్ల గురించి చెప్పడానికి తొందరేమీ లేదు. మా నాన్నకు అన్న, మా మేనత్తకు కూడా అన్నే అయిన ఈయన ఆ సందులో ఒక పాత మేడ పైభాగం కిరాయికి తీసుకుని బడి నడిపేవాడు. కింద కుర్చీలకు పాలిష్ పెట్టే దుకాణం ఉండేది. ఆ వాసనకు పైనున్న మాకందరికీ పొద్దుట తలనొప్పి, మధ్యాహ్నం నిద్ర వచ్చేవి. నిజాం కాలంలో ఈయన షేర్వానీ తొడిగి, రూమీ టోపీ పెట్టి, ఉర్దూలో సంతకం చేసేవాడు. రాజ్యం మారిందని రేడియోలో విన్న వారంలోనే షేర్వానీ పెట్టెలోకి పోయింది, ఖద్దరు టోపీ నెత్తికెక్కింది, బడి బోర్డు మీద ఉర్దూ అక్షరాల మీద సున్నం పూసి తెలుగు అక్షరాలు రాయించాడు. ప్రాణభయంతో మారినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లను నేను ఒక్క మాట అనను. ఈయన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ పట్టించుకోలేదు కూడా. ఆ పట్టించుకోకపోవడమే ఆయనకు అసలు బాధ. తరగతిలో అడుగుపెట్టి ఒక్క పాఠమైనా చెప్పగా నేను చూడలేదు. వరండాలో నిలబడి గట్టిగా దగ్గడమే పర్యవేక్షణ అని ఆయన నమ్మకం.

తెలుగులో చెప్పే తరగతులు కొత్తగా తెరిచేసరికి తెలుగులో చెప్పేవాళ్లు దొరక్క, ఇంట్లో ఉన్న చెల్లెల్ని పిలిచి తాత్కాలికంగా పెట్టుకున్నాడు. మా మేనత్త ఉర్దూలో మెట్రిక్ దాకా చదివింది, తెలుగు ఇంట్లోనే నేర్చుకుంది. ఆమె భర్త నాకు స్వయానా మేనమామ. మా రెండిళ్లకూ పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్న వరస. ఆయనకు నాంపల్లి స్టేషను గూడ్సు ఆఫీసులో ఉద్యోగం. అందరం స్టేషను వెనక ఒకే వాడలో, ఒకే గచ్చు చుట్టూ ఉన్న గదుల్లో ఉండేవాళ్లం.

బడిలో సైన్సు సామాను పేరుతో ఒక బీరువా ఉండేది. అందులో సగం ఊడిన గ్లోబు ఒకటి, మా పెద్దనాయన గొడుగు ఒకటి ఉండేవి. మా మేనత్త ఆ బీరువాను ఒకసారి తెరిచి చూసి, మళ్లీ ఎన్నడూ తెరవలేదు. ఆమెకు వచ్చింది కథలు చెప్పడం. ఇంట్లో కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు మాట మాటకూ ఊఁ అనాలి కదా, ఆ ఊ ఆగితే కథ కూడా ఆగుతుంది కదా, ఆ పద్ధతినే ఆమె బడికి తెచ్చి దానికి ఒక షరతు కలిపింది. చూసినదానికే ఊ కొట్టాలి. కథలో చేసి చూడదగిన మాట ఏదైనా వస్తే అక్కడ కథ నిలిచిపోయేది. మేము లేచి, ఆ పని చేసి, మా కళ్లతో చూసి, వచ్చి కూర్చుని ఊ అన్నాకే ముందుకు నడిచేది. చూడకుండా ఊ కొట్టినవాణ్ణి ఆమె తిట్టేది కాదు, కొట్టేది కాదు. కథ ఆపి కిటికీలోంచి బయటికి చూసేది. ఆ శిక్ష మాకు బెత్తం కన్నా భయంగా ఉండేది.

దీనికి మొదటి అడ్డు మా నానమ్మ. పగటిపూట కథలు చెబితే మేనమామలు దారి తప్పుతారని మా ఇళ్లలో గట్టి నమ్మకం. బడి నడిచేది పగలే, కథ చెప్పేది తన కూతురే, దారి తప్పబోయేది తన అల్లుడే. మా నానమ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోకుండా గోల చేసింది. మా మేనత్త వాదించలేదు. ఒకరోజు మధ్యాహ్నం మమ్మల్ని కూర్చోబెట్టి చిన్న కథ చెప్పింది, సాయంత్రం అందరం గడప మీద కూర్చున్నాం. తన మొగుణ్ణే పరీక్షకు పెట్టిందన్నమాట. మా మేనమామ మామూలు వేళకే, చేతిలో జామపండ్లు పట్టుకుని సందు మొగలో కనిపించేసరికి మేము పెట్టిన కేకలకు ఆయన నిజంగానే బెదిరి వెనక్కి తిరగబోయాడు.

నానమ్మ తొణకలేదు. “ఇయ్యాలంటె అచ్చిండు. రేపటి సంగతేంది?” అంది.

మా మేనత్త ఆ మాటకు ఎంత సంతోషించిందో ఇప్పటికీ నాకు గుర్తు. అవునమ్మా, ఒక్కరోజు చాలదు, అని మరికొన్ని రోజులు అదే పని చేయించింది. అన్ని రోజులూ మేనమామ సరిగ్గానే వచ్చాడు. ఒకరోజు మాత్రం చీకటి పడేదాకా రాలేదు. నానమ్మ గచ్చు మధ్యలో నిలబడి కూతురి వంక గెలిచినట్టు చూసింది. మా మేనత్త నవ్వుతూ, “అమ్మా, ఇయ్యాల నేను కథ చెప్పనే లేదు గదనే. ఇరానీ హోటల్ల కూసున్నడు నీ అల్లుడు, చాయ తాగుకుంట,” అంది. నానమ్మ, అయితే దారి తప్పించేది కథ కాదు, చాయ అని తీర్పు చెప్పి, ఆ విషయం అక్కడితో వదిలేసింది. ఒక్కసారి చూస్తే చాలదని, చూసింది తన మాటకు అడ్డమొస్తే మాట మార్చుకోవాలని అక్షరం ముక్క రాని మా నానమ్మకు తెలుసు. ఆ తర్వాత నేను పెద్ద పెద్ద డిగ్రీలున్న డైరెక్టర్ల కింద పనిచేశాను. ఆ గుణం వాళ్లలో నాకు ఎక్కువగా కనిపించలేదు.

ఆ కథలన్నీ చెప్పుకుంటూ పోతే దీనికి అంతు ఉండదు. ఒక కథలో పిసినారి కమ్మరి బండిచక్రానికి ఇనుప పట్టీ వేస్తూ, చక్రం అడ్డంకొలతకు మూడింతలు చాలులే అని కోస్తాడు. చాలుతుందా? కథ ఆగింది. మేము తాళ్లు పట్టుకుని నాంపల్లి స్టేషను ముందున్న టాంగాల అడ్డాకు పోయి, ఒక్కొక్క చక్రాన్ని అడ్డంగా కొలిచి, ఆ తాటిని మూడుసార్లు చుట్టూ పరిచాం. ప్రతిసారీ కొంచెం తక్కువ పడింది. పెద్ద చక్రానికి పెద్ద కొంచెం, చిన్న చక్రానికి చిన్న కొంచెం. ఒక టాంగావాలా గడ్డి కోస్తున్నవాడు మమ్మల్ని చూసి, “అరే, పెండ్లిసంబంధానికి అచ్చిన్రా ఏంది, నా బండికి గిన్ని కొలతలు తీస్తున్రు?” అని నవ్వి, గుర్రం తన్నకుండా కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. ఆ కొంచెం ఎంత అనే ప్రశ్నతో మేము తిరిగి వచ్చాం. చాలా ఏళ్లకు పై తరగతిలో మాస్టరు ఆ అంకెను బోర్డు మీద రాసి కంఠస్థం చేయమన్నప్పుడు, దానితో నాకు పాత పరిచయం ఉన్నట్టే అనిపించింది.

సరే, అసలు సంగతికి వస్తాను. విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు బడి చూడడానికి వస్తాడని, ఆయన మెచ్చితే ఒక పర్మనెంటు పంతులు ఉద్యోగం మంజూరవుతుందని కబురు వచ్చింది. మా మేనత్తది తాత్కాలికం. మంజూరైతే ఆ ఉద్యోగం ఆమెదే. కాకపోతే ఏడాది చివర ఇంటికి పోవలసిందే. ఈ మాట మా పెద్దనాయన పిల్లలందరి ముందూ, వరండాలో నిలబడి, దగ్గడం కూడా మరిచిపోయి చెప్పాడు. ఆమె ఇంట్లో ఎప్పుడూ గట్టిగా కోరిక చెప్పే మనిషి కాదు. ఆ వారం మాత్రం మా అమ్మతో, బడి లేకపోతే నాకు పొద్దు ఎట్ల పోతది వదినా, అని రెండు మూడుసార్లు అనడం విన్నాను. ఇన్‌స్పెక్టరు ముందు ఆమె కథ గంట పెట్టాలని పెద్దనాయనే నిర్ణయించాడు. కథల మీద ఆయనకు ప్రేమ ఏమీ లేదు, కొత్త పద్ధతులంటే పైవాళ్లకు ఇష్టమని ఎవరో చెబితే విన్నాడు, అంతే. ఆమె ఏం కథ చెబుతుందో కూడా అడగలేదు.

ఆ కథ ఇది. ఒక రాజకుమార్తెకు జ్వరం. మంచుకొండ నుంచి గడ్డ తెచ్చి నుదుట పెడితే తప్ప తగ్గదు. ఇద్దరు అన్నదమ్ములు వెళ్లి చెరొక గడ్డ సంపాదించారు. గాలి చల్లన కదా అని పెద్దవాడు తన గడ్డను పళ్లెంలో పెట్టుకుని గాలికి ఎదురుగా పరుగెత్తాడు. చిన్నవాడు భుజం మీది గొంగడి తీసి గడ్డను చుట్టాడు. మంచుకు చలేస్తుందా అని దారిపొడుగునా జనం నవ్వారు. కోటకు చేరేసరికి ఎవరి గడ్డ మిగిలింది?

కథ ఆగింది. మేము మొజంజాహీ మార్కెట్టుకు పోయి, రంపపు పొట్టులో గోనె కప్పి ఉంచిన ఐసు అడిగి కొనుక్కుని, చేతులు మారుస్తూ పరుగెత్తుకొచ్చేవాళ్లం. ఒక ముక్క పళ్లెంలో కిటికీ దగ్గర, ఒక ముక్క గొంగడిలో. మొదటిరోజు తరగతి మొత్తం పళ్లేనికే పందెం కాసింది, నేనూ అంతే. విప్పి చూస్తే గొంగడిలోదే పెద్దగా ఉంది. మళ్లీ చేశాం, అదే. ఇంకోరోజు పళ్లెంలోది ఎక్కువ మిగిలింది. గోలగోలగా వాదించుకుంటే మొదట్లోనే ఆ ముక్క పెద్దదని తేలింది. అప్పటి నుంచి పక్క కిరాణా కొట్టు తక్కెడలో రెండు ముక్కలూ సమానం చేసుకుని మొదలుపెట్టేవాళ్లం. సమానం చేశాక ఎన్నిసార్లు చూసినా గొంగడిలోదే. అయినా మా మేనత్త కథ చివర చెప్పలేదు. మిగిలినదంతా ఇన్‌స్పెక్టరు వచ్చిననాడే, మీకు కూడా కొత్తగా ఉండాలి, ముందే తెలిసినదానికి మొహం మీద ఆశ్చర్యం తెచ్చిపెట్టుకోవడం నాకు నచ్చదు, అంది. రాజకుమార్తె బతికిందో లేదో, పళ్లెం మోసినవాడు ఏమయ్యాడో తెలియక మేము గిలగిలలాడాం.

ఆ రోజు పొద్దున మేమే రెండు ముక్కలు తూచి, ఒకటి పళ్లెంలో, ఒకటి గొంగడిలో పెట్టి వచ్చాం. ఇన్‌స్పెక్టరు రావడం ఆలస్యమైంది. మమ్మల్నందరినీ, మేనత్తతో సహా, కిందికి దింపి సందులో వరసగా నిలబెట్టి స్వాగతం పాట పాడించారు. ఆయన దండ వేయించుకుని, గంధం పూయించుకుని, మేడెక్కి మా తరగతిలో కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ఆయన గుమాస్తా నిలబడ్డాడు. పెద్దనాయన తలుపు దగ్గర, ఖద్దరు టోపీ సర్దుకుంటూ.

మేనత్త కథ మొదలుపెట్టింది. మేము వరసగా ఊఁ కొడుతున్నాం, ఇన్‌స్పెక్టరు ఆ ఊలకు తాళం వేస్తున్నట్టు తలాడిస్తున్నాడు. ఎవరి గడ్డ మిగిలింది అనే చోటికి రాగానే ఇద్దరు పిల్లలు లేచి గొంగడి విప్పారు. లోపల తడిసిన ఉన్ని, వక్కంత మంచుముక్క. పళ్లెంలో మాత్రం ఇటుకంత గడ్డ, అంచులు కూడా అరగకుండా, మెరుస్తూ ఉంది.

“వాహ్, బహుత్ ఖూబ్!” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఉన్ని కప్పితె కరగదా మరి! పోరగాండ్లకు మంచిగ సమజైంది.” గుమాస్తా చప్పట్లు కొట్టాడు. పెద్దనాయన ఇంకా గట్టిగా కొట్టాడు.

మా మేనత్త చాలాసేపు ఆ పళ్లెం వంక చూసింది. మొహంలో కోపం లేదు, ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం ఉంది. తర్వాత మా వైపు తిరిగి, చూసింది చూసినట్టే, ఈ పొద్దు పళ్లెంలోనే ఎక్కువ మిగిలింది, అంది. ఒక్కరూ ఊ అనలేదు. మేము ముందుగా అనుకున్నది కాదు, ఒకరినొకరు సైగ చేసుకున్నది కాదు. నోరు రాలేదు, అంతే. చివరికి ముందు వరసలో ఒక పిల్ల లేచి, “పంతులమ్మా, ఎన్నడు గిట్ల కాలే గదా,” అంది.

కథ ఎందుకు ఆగిందని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఊ కొట్టందే కథ నడవదని మేనత్త చెప్పింది. ఆయనకు అది మహా తమాషాగా తోచింది. “గంతేనా? అట్లయితె నేనే కొడ్త. ఊఁ!” అన్నాడు. వెంటనే గుమాస్తా ఊఁ అన్నాడు. తలుపు దగ్గర నుంచి మా పెద్దనాయన, మెడ ముందుకు చాచి, పాలకు ఏడ్చే దూడలాగా, “ఊఁ, ఊఁ! కానియ్ చెల్లె, కథ కానియ్!” అన్నాడు. గంధం పూసుకున్న ముగ్గురు పెద్దమనుషులు అలా వంతులవారీగా ఊ కొడుతుంటే, వాళ్ల ముందు మేమందరం నోళ్లు బిగబట్టుకుని కూర్చోవడం నేను మరిచిపోలేను. తర్వాత జీవితంలో ఎన్నో ఆమోద సభల్లో కూర్చున్నాను. కమిటీలు తీర్మానాలు చేసినప్పుడల్లా నాకు ఆ మూడు ఊలే వినిపించేవి.

మేనత్త ముందుకు సాగితే చాలు. ఒక్క వాక్యం చెబితే ఉద్యోగం ఆమెదే. అది ఆమెకు తెలుసు, మాకు తెలుసు, తలుపు దగ్గరున్నవాడికి మరీ బాగా తెలుసు. ఆమె చేతులు కట్టుకుని, మర్యాదగా, “సార్, ఇయ్యాల ఏదో వేరే తీరైంది. మల్లొకసారి చేసి చూడాలె. జరసేపు కూసుంటె ఐసు తెప్పిస్త,” అంది.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. ఇంకో బడిలో ఆయనకు భోజనం ఏర్పాటైంది. లేచి, మా పెద్దనాయన వైపు తిరిగి, పంతులమ్మకు తన పాఠం మీద తనకే నమ్మకం లేనట్టుందే అని నవ్వుతూ మెట్లు దిగాడు. వెనక మా పెద్దనాయన, ఆ వెనక గుమాస్తా.

సాయంత్రం గచ్చులో పెద్దనాయన వేసిన కేకలకు పక్కింటివాళ్లు కూడా బయటికి వచ్చారు.

“ఏందే, పిచ్చి లేసిందా నీకు? అంత మంచిగ తయారు చేసి పెడితె గంగల కలిపితివి గదనే! మీరు కింద పాట పాడంగ నేనే మార్చిన ఐసు. గొంగట్లది తీసి పారేసి చిన్న ముక్క పెట్టిన, కొత్త గడ్డ తెప్పిచ్చి పళ్లెంల పెట్టిచ్చిన. ఎవలి కోసం? నీ నౌకరి కోసం!”

మా మేనత్త నెమ్మదిగా, “అన్నా, నువ్వు గా కథ ఎన్నడన్న ఇన్నవా?” అని అడిగింది.

“ఇనేదేంది! గొంగడి కప్పుకుంటె ఉడుకపోస్తదా, సల్లగుంటదా? గంత తెల్వదా నాకు? నేను చూసేసరికి పళ్లెంలదే కరిగిపోతుండె, అందరి ముందట ఇజ్జత్ పోతదని నేనే మంచిగ చేసిన!”

“గొంగడికి ఉడుకు ఏడికెల్లి అస్తదన్నా? అది బయటి ఉడుకును లోపటికి పోనియ్యదు. మార్కెట్ల ఐసుకు గోనె కప్పుతరు, రోజు చూస్తలేవా?”

“గోనె వేరు, గొంగడి వేరు!” అని గర్జించి, పెద్దనాయన లోపలికి పోయాడు.

మోసం చేయడం నాకు పెద్ద వింత కాదు; మోసాలు చాలా చూశాను. నీటి నమూనాలు మార్చేవాళ్లు, ముందే సంతకం పెట్టేవాళ్లు. కాని వాళ్లందరికీ అసలు ఫలితమేదో తెలుసు, దాన్ని దాచడానికే అబద్ధం చెప్పేవాళ్లు. మా పెద్దనాయన ప్రతి సాయంత్రం అదే మార్కెట్టులో, గోనెలోంచి తీసిన ఐసు వేసిన షర్బతు తాగేవాడు. తాగుతూ, చూస్తూ, ఒక్కసారి కూడా ఎందుకని అనుకోకుండా, నిజంగా జరగబోయే ఫలితాన్ని తీసి పారేసి, ఎన్నడూ జరగని ఫలితాన్ని కష్టపడి తయారుచేశాడు. ఏ మార్పూ చేయకుండా వరండాలో దగ్గుతూ నిలబడి ఉంటే చెల్లెలికి ఉద్యోగం వచ్చేది. ఆమెకు మేలు చేయాలన్న ఉద్దేశం మాత్రం నిజమే. ఆ ఉద్దేశానికి ఇవ్వవలసిన మార్కులు ఇచ్చేశాను, తక్కినదానికి ఆయన మీద జాలి కలగాలంటే ఇన్నేళ్లలోనూ నాకు కలగలేదు.

ఉద్యోగం మంజూరైంది. బడి అన్ని విధాలా బాగుందని, కథ చెప్పే పంతులమ్మకు మాత్రం ధైర్యం చాలదని ఇన్‌స్పెక్టరు చెప్పి వెళ్లాడట. ఆ ఉద్యోగంలో మా పెద్దమ్మ తమ్ముడు చేరాడు. ఆయన గైడు చూసి చదివేవాడు. గైడులో ‘బొమ్మ చూడుము’ అని ఉంటే అది కూడా చదివేవాడు. బొమ్మ ఉండేది కాదు. మేము ఆయన ప్రతి మాటకూ తలాడించడం త్వరలోనే నేర్చుకున్నాం. మేనమామకు కాజీపేటకు బదిలీ అయి, మేనత్త ఆయనతో వెళ్లిపోయింది. మళ్లీ ఏ బడిలోనూ పంతులమ్మగా అడుగుపెట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ బడి ఉత్సవానికి నన్ను పిలిస్తే వెళ్లాను. మా పెద్దనాయన నిలువెత్తు పటానికి పూలదండ వేసి, ‘కథల ద్వారా విజ్ఞాన బోధనకు ఆద్యుడు’ అని కింద రాయించారు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని చెప్పి వచ్చేశాను.

మేనత్తను ఆమె చివరి రోజుల్లో కాజీపేటలో చూశాను. చూపు తగ్గింది, మాట మాత్రం తగ్గలేదు. ఆ రాజకుమార్తె కథ చివర ఏమైంది అత్తా, చిన్నప్పటి నుంచి తెలియకుండా ఉండిపోయింది, అని అడిగాను. ఆమె బోసినోటితో నవ్వి, “ఐసు తెచ్చినవా?” అంది. ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా, తీసుకొస్తానని లేచాను. “మరి గొంగడి?” అంది. ఆమె కొడుకు ఇంట్లో గొంగడి లేదు. రంగురంగుల దుప్పట్లు, అక్రిలిక్ రగ్గులు ఉన్నాయి, ఆమె వేలితో తడిమి చూసి, “గిది గొంగడి కాదుర అయ్యా. దొరికినప్పుడు రా,” అంది. మళ్లీ వెళ్లడానికి వీలు కలగకముందే ఆమె పోయింది. ఒక కథను చివరి దాకా విననివాడిగానే నేను మిగిలిపోయాను. అది నాకు లోటుగా తోచని రోజులూ ఉన్నాయి, తోచే రోజులూ ఉన్నాయి.

మొన్న ఆదివారం హాలు నుంచి వచ్చాక, హిమాయత్‌నగర్‌లో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆ రాజకుమార్తె కథ నాకు తెలిసినంత దాకా మా మనవడికి చెప్పాను. వాడు మంచి పిల్లవాడు. శ్రద్ధగానే విన్నాడు, వేలెడు డబ్బాలోంచి ఏదో తింటూ. ఎవరి గడ్డ మిగిలింది అని నేను ఆగాను. వాడు ఫోను తీసుకుని దాన్నే అడిగాడు. అది చెప్పింది. “గొంగడిలోదే తాతా, ఉన్ని వేడిని లోపలికి పోనివ్వదు,” అని చదివి వినిపించి, సరిగ్గా చెప్పానా అన్నట్టు నా మొహంలోకి చూశాడు. సరిగ్గానే చెప్పాడు. తప్పనడానికి నా దగ్గర ఏమీ లేదు. రాజకుమార్తె ఏమైందని అడగలేదు. ప్రశ్న అయిపోయింది కదా, లేచి ఆడుకోవడానికి పోయాడు. వాడు కూర్చున్న కుర్చీ వెనకే ఫ్రిజ్, దాని నిండా ఐసు.

మా చిన్నప్పుడు ఆ జవాబు మొజంజాహీ మార్కెట్టులో దొరికేది. దాన్ని అరచేతుల్లో మార్చుకుంటూ, మోచేతుల మీదుగా నీళ్లు కారుతుంటే, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, ఆబిడ్స్ గుండా నాంపల్లి దాకా పరుగెత్తుకొచ్చేవాళ్లం. సగం దారిలోనే కరిగిపోయేది. బడి మెట్లెక్కేసరికి చేతుల్లో ఏ కొంచెం మిగిలేదో, అది మాత్రం మాదే.